ఎఫ్ఐఆర్‌లో ఏ3, నాన్-బెయిలబుల్, 41ఏ నోటీసు: ఈ మాటలకు అసలు అర్థం ఏమిటి?

అడిగిన తమ్ముడి ప్రశ్న క్లుప్తంగా ఇది. ఊళ్లో పొలం గట్టు దగ్గర నాన్నగారికీ బాబాయికీ గొడవైంది. బాబాయి తలకు మూడు కుట్లు పడ్డాయి. ఆయన స్టేషన్‌కు వెళ్లి కేసు పెట్టారు. ఎఫ్ఐఆర్‌లో నాన్నగారు ఏ1, అన్నయ్య ఏ2, ఆ రోజు హైదరాబాద్‌లో కోచింగ్‌లో ఉన్న ఈ తమ్ముడు ఏ3. సెక్షన్లు బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) 115(2), 118(1), 351(2) (బెదిరింపు), వాటితోపాటు 3(5). వాట్సాప్‌లో నోటీసు వచ్చింది. "నాన్-బెయిలబుల్ అంటున్నారు, నాన్నను జైల్లో పెడతారా? నాకు ఇక కానిస్టేబుల్ ఉద్యోగం రాదా? ఈ మాటల అర్థం మామూలు తెలుగులో చెప్పండి" అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను, వివరాలు తర్వాత. మీ మీద వేసిన సెక్షన్లలో దేనికీ గరిష్ఠ శిక్ష మూడేళ్లు దాటదు. ఇలాంటి కేసుల్లో పోలీసులు మామూలుగా అరెస్ట్ చేయరు, నోటీసు ఇచ్చి పిలిపిస్తారు. చెప్పిన రోజున వెళ్లి హాజరైతే నాన్నగారు జైలుకు వెళ్లే పరిస్థితి రావడం చాలా అరుదు. నాన్-బెయిలబుల్ కేసులో కూడా బెయిల్ వస్తుంది. ఏ3 అన్నది ఒక వరుస నంబరు మాత్రమే. ఉద్యోగం సంగతి చాలావరకు మీ చేతుల్లోనే ఉంది, కింద రాస్తాను.

22 ఏళ్లుగా జిల్లాలోని కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూస్తున్నాను. గట్టు తగాదాలు, దారి తగాదాలు, పెళ్లిలో తాగి కొట్టుకున్న కేసులు ఎన్ని చూశానో లెక్కలేదు. కేసు వల్ల పడే బాధ కన్నా, ఊళ్లో నలుగురూ చెప్పే మాటలు నమ్మి పడే నష్టమే ఎక్కువ. దానికి కారణం ఉంది. మనం బయట "కేసు పెట్టారు", "తీసుకెళ్లారు", "రాజీ అయిపోయింది", "కేసు కొట్టేశారు" అంటాం. ఒక్కో మాటకు కోర్టులో మూడు నాలుగు అర్థాలు ఉంటాయి. మన కేసు వాటిలో ఏ అర్థం దగ్గర ఉందో తెలియకపోతే అక్కడే తప్పటడుగు పడుతుంది. కాబట్టి ఆ మాటలనే పట్టుకుని చెబుతాను.

కేసు పెట్టారు

మీ బాబాయి స్టేషన్‌లో ఇచ్చిన కాగితం ఫిర్యాదు. మన వాడుకలో పిటిషన్ అనో రిపోర్ట్ అనో అంటాం. దాన్ని పోలీసులు నమోదు చేసుకుంటే ఎఫ్ఐఆర్ అవుతుంది, దానికి క్రైం నంబరు పడుతుంది. ఎఫ్ఐఆర్ అంటే పోలీసులకు అందిన మొదటి సమాచారం. అందులో ఉన్నదంతా బాబాయి చెప్పిన మాట. పోలీసులు ఇంకా ఏదీ తేల్చలేదు, జడ్జి ఇంకా ఏదీ నమ్మలేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. కాగ్నిజబుల్ నేరం అంటే పోలీసులు మెజిస్ట్రేట్ అనుమతి కోసం ఆగకుండా దర్యాప్తు మొదలుపెట్టగలిగేది, వారంట్ లేకుండా అరెస్ట్ చేసే అధికారం ఉన్నది. నాన్-కాగ్నిజబుల్ అయితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా దర్యాప్తు చేయడానికి వీల్లేదు. కాగ్నిజబుల్ నేరం జరిగినట్టు ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. "ఎస్సై గారు బాబాయికి తెలిసినవాడు, అందుకే కట్టాడు" అని మీరు రాశారు. కావచ్చు, కాకపోవచ్చు. తలకు కుట్లు పడ్డ మనిషి కర్రతో కొట్టారని రాసిస్తే ఏ ఎస్సై అయినా కట్టాల్సిందే. ఆ కోపం మనసులో పెట్టుకుని స్టేషన్‌కు వెళ్లకండి.

అన్ని కేసులూ స్టేషన్‌లోనే మొదలవ్వవు. చెక్ బౌన్స్ కేసు నేరుగా కోర్టులో వేసే ప్రైవేట్ కంప్లైంట్, దానికి ఎఫ్ఐఆర్ ఉండదు. పోలీసులు ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపి, అక్కడా పని కాకపోతే మెజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లే దారీ ఉంది. మీకు ఇప్పుడు దాని అవసరం లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

నంబర్లు మారాయి, జాగ్రత్త

2024 జూలై 1 నుంచి ఐపీసీ (నేరాలు, శిక్షల చట్టం) స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ (కేసు నడిపే పద్ధతి చెప్పే చట్టం) స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. కోర్టులో వీటిని బీఎన్ఎస్, బీఎన్ఎస్ఎస్, బీఎస్ఏ అంటారు. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి ఇప్పటికీ ఐపీసీ సెక్షన్లే పడతాయి.

ఇంటర్నెట్‌లో పాత నంబర్లు చూసి కంగారు పడేవాళ్లు నా దగ్గరకు చాలామంది వస్తున్నారు. మనందరికీ నోటికొచ్చిన 420 ఇప్పుడు బీఎన్ఎస్‌లో లేనే లేదు. దాని మొత్తం సెక్షన్లు 358. మోసం 318లోకి వెళ్లింది. హత్య 302 నుంచి 103కి వెళ్లింది. కొత్త 302 మతపరమైన మనోభావాలు గాయపరిచే మాటల గురించి. అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం 482తో వస్తోంది. సీఆర్‌పీసీలో 482 అంటే హైకోర్టులో కేసు కొట్టేయమని అడిగే క్వాష్ పిటిషన్. బీఎన్ఎస్ఎస్‌లో 482 అంటే ముందస్తు బెయిల్. క్వాష్ 528కి మారింది. మీ లాయర్ "482 వేద్దాం" అంటే ఏ 482 అని అడగండి. అడగడంలో తప్పేమీ లేదు, ఫీజు కూడా దాన్ని బట్టే మారుతుంది.

మీ కేసు మొత్తం ఒక కాగితం మీద ఆగి ఉంది

మీరు అడగలేదు, కానీ ఇది అన్నిటికన్నా ముఖ్యం. గాయం కేసుల్లో సెక్షన్‌ను నిర్ణయించేవి రెండు: దేనితో కొట్టారు, గాయం ఎంత.

చేతులతో కొట్టి మామూలు గాయమైతే 115(2). ఏడాది వరకు శిక్ష, నాన్-కాగ్నిజబుల్, బెయిలబుల్. అదే మామూలు గాయం ప్రమాదకరమైన ఆయుధంతో చేస్తే 118(1). మూడేళ్ల వరకు శిక్ష, కాగ్నిజబుల్, నాన్-బెయిలబుల్. ఎముక విరిగినా, పన్ను ఊడినా, ఇంకొన్ని సందర్భాల్లోనూ దాన్ని తీవ్ర గాయం, కోర్టు భాషలో గ్రీవియస్ అంటారు. తీవ్ర గాయం చేతులతో అయితే 117(2), ఏడేళ్ల వరకు. ఆయుధంతో అయితే 118(2), అది యావజ్జీవం వరకు వెళ్లగల సెక్షన్.

ఒకే గొడవ, ఒకే దెబ్బ. ఎక్స్‌రేలో పుర్రె మీద సన్నని గీత కనిపిస్తే కేసు స్వరూపమే మారిపోతుంది. డాక్టర్ ఇచ్చే ఆ కాగితాన్ని మనవాళ్లు ఊండ్ సర్టిఫికేట్ అంటారు. ఒక్క పేజీ. గాయం ఎక్కడుంది, ఎన్ని సెంటీమీటర్ల పొడవు, ఎంతసేపటి కిందటిది, మొద్దు వస్తువుతో అయిందా పదునైన దానితో అయిందా, చివర్లో సింపుల్ లేదా గ్రీవియస్. తలకు దెబ్బ తగిలిన కేసుల్లో డాక్టర్లు తరచుగా స్కాన్ రిపోర్ట్ వచ్చేవరకు అభిప్రాయం ఆపి ఉంచుతారు. అందుకే ఎఫ్ఐఆర్‌లో 118(1) ఉందని నిశ్చింతగా ఉండకూడదు. దర్యాప్తు అధికారి కోర్టులో మెమో వేసి సెక్షన్ మార్చవచ్చు, దాన్నే "సెక్షన్ ఆల్టర్ చేశారు" అంటారు. పైకి మారినట్టే కిందికీ మారవచ్చు. కర్ర అన్నది అసలు లేదని, తోపులాటలో గట్టు రాయి మీద పడ్డారని సాక్షులు చెబితే 118(1) పోయి 115(2) మిగలవచ్చు.

తీసుకెళ్లారు

పోలీసులు స్టేషన్‌కు పిలవడం, అరెస్ట్ చేయడం, రిమాండ్‌కు పంపడం మూడూ వేర్వేరు.

మీకు వచ్చింది బీఎన్ఎస్ఎస్ 35(3) నోటీసు. సీఆర్‌పీసీలో ఇది 41ఏ. స్టేషన్లలో, కోర్టుల్లో ఇప్పటికీ అందరూ 41ఏ అనే అంటారు. "నిన్ను అరెస్ట్ చేయాల్సిన అవసరం ఇప్పుడు కనిపించడం లేదు, కానీ దర్యాప్తుకు వచ్చి సహకరించు" అన్నది దాని సారాంశం. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో అలవాటుగా అరెస్ట్ చేయవద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. నోటీసు ప్రకారం హాజరవుతున్నంత కాలం అరెస్ట్ చేయకూడదు. చేయాల్సి వస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. హాజరు కాకపోతే మాత్రం ఆ రక్షణ పోతుంది.

వాట్సాప్‌లో పంపిన నోటీసు సరైన అందజేత కాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అది చదివి "ఈ నోటీసు చెల్లదు, నేను రాను" అనకండి. వెళ్లి కాగితం మీద నోటీసు తీసుకోండి, హాజరైనట్టు వాళ్ల దగ్గర రాయించుకోండి.

అరెస్ట్ జరిగితే ఏమిటో కూడా తెలిసి ఉండాలి. ఎందుకు అరెస్ట్ చేస్తున్నారో చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి, లాయర్‌ను కలవనివ్వాలి. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోపు మెజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి, ఇది రాజ్యాంగం 22వ అధికరణలోనే ఉంది. మీ నాన్నగారికి 60 దాటాయని రాశారు. మూడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో 60 దాటినవారిని డీఎస్పీ స్థాయి అధికారి ముందస్తు అనుమతి లేకుండా అరెస్ట్ చేయకూడదని కొత్త చట్టం చెబుతోంది. 118(1)కి సరిగ్గా మూడేళ్లు ఉంది కాబట్టి ఆ నిబంధన ఈ సెక్షన్‌కు నేరుగా పట్టదు. మీ ఊళ్లో ఎవరైనా ధైర్యం చెప్పినా దాని మీద ఆధారపడకండి, నోటీసు రక్షణ మీదే ఆధారపడండి.

మెజిస్ట్రేట్ నిందితుణ్ని కస్టడీలో ఉంచమని ఇచ్చే ఉత్తర్వు రిమాండ్. జైలుకు పంపితే జ్యుడీషియల్ రిమాండ్, విచారణ కోసం పోలీసులకు అప్పగిస్తే పోలీస్ కస్టడీ. "రిమాండ్ పడింది" అంటే శిక్ష పడిందని అనుకుని ఏడ్చే తల్లులను కోర్టు వరండాలో ఎంతమందిని చూశానో. శిక్షకూ దానికీ సంబంధం లేదు.

బెయిల్

బెయిలబుల్ నేరంలో బెయిల్ మీ హక్కు. జామీను ఇస్తే స్టేషన్‌లోనే వదలాలి. నాన్-బెయిలబుల్ నేరంలో అది కోర్టు విచక్షణ, అడగాలి, కారణం చూపాలి, కోర్టు ఇస్తుంది లేదా నిరాకరిస్తుంది. తేడా అంతవరకే.

ఈ ఒక్క మాట తెలియక ఒక పత్తి రైతు ఎంత నష్టపోయాడో చెబుతాను. దారి తగాదాలో ఆయన మీద కేసు కట్టారు. ఎవరో "నాన్-బెయిలబుల్, పట్టుకుంటే మూడు నెలలు బయటికి రావు" అన్నారట. ఆ రాత్రే అక్కగారి ఊరికి వెళ్లిపోయి 23 రోజులు దాక్కున్నాడు. సరిగ్గా పత్తి తీసే రోజులు. కూలీలను మాట్లాడే మనిషి లేడు, మధ్యలో వాన పడి పత్తి చెట్ల మీదే తడిసింది. చివరికి భార్య ఆయన్ని నా దగ్గరకు తీసుకొచ్చింది. ఎఫ్ఐఆర్ జిరాక్స్‌ను పాలిథిన్ కవర్లో పెట్టి, పట్టాదారు పాసుపుస్తకంతో కలిపి చొక్కా లోపల దాచుకున్నాడు. మర్నాడు స్టేషన్‌కు వెళ్లాం. 41ఏ నోటీసు ఇచ్చారు, ఇద్దరు జామీనుదారుల ఆధార్ కాపీలు తీసుకున్నారు, సంతకాలు పెట్టించుకుని గంటలో పంపించేశారు. బయటికొచ్చాక ఆయన మెట్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. "దీనికా అయ్యా నేను పత్తి వదిలేసుకుంది" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే.

ఇలా నోటీసు ఇచ్చి పంపించడాన్నే జనం స్టేషన్ బెయిల్ అంటారు. ముందస్తు బెయిల్ వేరు. అరెస్ట్ చేస్తారన్న భయానికి తగిన ఆధారం ఉన్నప్పుడు సెషన్స్ కోర్టులో గానీ హైకోర్టులో గానీ వేసేది. నోటీసు చేతికి వచ్చిన మూడేళ్ల కేసులో దానికి వేలకు వేలు ఖర్చు పెట్టే ముందు రెండోసారి ఆలోచించండి. సెక్షన్ 118(2)కి మారే సూచనలు కనిపిస్తే మాత్రం అప్పుడు వెంటనే అవసరం పడవచ్చు. మరో మాట కూడా వింటారు, డిఫాల్ట్ బెయిల్. నిందితుడు కస్టడీలో ఉండగా 60 రోజుల్లో, పెద్ద నేరాల్లో 90 రోజుల్లో చార్జిషీట్ వేయకపోతే అడిగి తీసుకోగల హక్కు అది.

ఏ1, ఏ2, ఏ3

ఏ అంటే అక్యూజ్డ్, నిందితుడు. మన కోర్టుల్లో ముద్దాయి అన్నా ఇదే. కోర్టు నేరం రుజువైందని తీర్పు ఇచ్చాకే దోషి అవుతాడు. ఈ మూడు మాటలనూ పత్రికల్లో కూడా కలిపేస్తుంటారు.

అక్కడ లేని మీ పేరు ఎలా వచ్చిందన్నది మీ బాధ. 3(5) వల్ల వచ్చింది, పాత ఐపీసీ 34 ఇదే. కొందరు కలిసి ఒకే ఉద్దేశంతో నేరం చేస్తే, దెబ్బ ఒక్కరే వేసినా అందరూ వేసినట్టే లెక్క అంటుంది ఆ సెక్షన్. ఇంటి మగవాళ్లందరి పేర్లూ రాయించడం గట్టు తగాదాల్లో మామూలే. కానీ ఉమ్మడి ఉద్దేశం ఉందని చెప్పాలంటే మీరు ఆ పనిలో ఏదో రకంగా పాలుపంచుకున్నట్టు చూపాలి. ఆ సమయంలో వేరే చోట ఉన్నాను అన్న వాదనను ఎలిబీ అంటారు. దాన్ని రుజువు చేసుకోవాల్సింది మీరే. కోచింగ్ సెంటర్ బయోమెట్రిక్ హాజరు, హాస్టల్ రిజిస్టర్, మెట్రో కార్డు వివరాలు, యూపీఐ చెల్లింపులు, సీసీటీవీ. సీసీటీవీ ఫుటేజీ కొద్ది రోజుల్లోనే చెరిగిపోతుంది. ఈ రోజే కోచింగ్ సెంటర్‌కు రాతపూర్వకంగా అడిగి పెట్టండి. వీటిని ఒక లేఖతో దర్యాప్తు అధికారికి ఇచ్చి, కాపీ మీద రసీదు సంతకం తీసుకోండి. దర్యాప్తులో నిజమని తేలితే చార్జిషీట్ నుంచి మీ పేరు తీసేయవచ్చు. ఏ3, ఏ4లను అలా డిలీట్ చేసిన కేసులు నా దగ్గర చాలానే ఉన్నాయి.

స్టేషన్‌లో ఇచ్చే వాంగ్మూలం

పోలీసులు దర్యాప్తులో సాక్షుల వాంగ్మూలం రాసుకుంటారు. దాన్ని ఇప్పటికీ 161 స్టేట్‌మెంట్ అంటారు, కొత్త నంబరు 180. చెప్పినవారు దాని మీద సంతకం పెట్టకూడదని చట్టమే అంటోంది. నిందితుడు పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నా అది కోర్టులో చెల్లదు. ఒక మినహాయింపు ఉంది. కస్టడీలో ఉన్న నిందితుడు చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఉదాహరణకు "కర్ర ఆ వాములో పెట్టాను" అని చెబితే అక్కడ కర్ర దొరికితే, అంతవరకు సాక్ష్యంగా తీసుకుంటారు. ఇద్దరు పంచుల, అంటే చూసిన సాక్షుల ముందు రాసే పంచనామా అందుకే. నాన్నగారికి ఒక్కటే చెప్పండి: అడిగినదానికి మర్యాదగా సమాధానం చెప్పాలి, తనను నేరంలో ఇరికించే ప్రశ్నకు మౌనంగా ఉండే హక్కు ఉంది, ఖాళీ కాగితం మీద సంతకం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు.

చార్జిషీట్, వాయిదా, వారంట్

దర్యాప్తు ముగిశాక పోలీసులు కోర్టుకు ఇచ్చే నివేదిక చార్జిషీట్. కోర్టు దాన్ని తీసుకున్నాక క్రైం నంబరు పోయి సీసీ నంబరు, అంటే కోర్టు కేసు నంబరు వస్తుంది. సాక్షులను చార్జిషీట్‌లో ఎల్‌డబ్ల్యూ1, ఎల్‌డబ్ల్యూ2 అంటారు, కోర్టు బోనులో సాక్ష్యం చెప్పాక పీడబ్ల్యూ1 అవుతారు. మీ కేసులో పీడబ్ల్యూ1 మీ బాబాయే. నేరం జరగలేదనో ఆధారాలు లేవనో తేలితే పోలీసులు కేసు మూసేస్తూ నివేదిక ఇస్తారు, దాని మీద అభ్యంతరం చెప్పే హక్కు ఫిర్యాదికి ఉంటుంది.

చార్జిషీట్ వేసిన సంగతి తెలియక దెబ్బతిన్నవాళ్లు చాలామంది. నా క్లయింటు కొడుకు ఒకడు స్టేషన్ బెయిల్‌తో పని అయిపోయిందనుకుని కువైట్ వెళ్లిపోయాడు. ఊరికి వచ్చిన సమన్లు ఎవరూ పట్టించుకోలేదు. కోర్టు ఎన్‌బీడబ్ల్యూ ఇచ్చింది, అంటే నాన్-బెయిలబుల్ వారంట్, పట్టుకుని కోర్టు ముందు నిలబెట్టమని పోలీసులకు ఇచ్చే ఆదేశం. నాలుగేళ్ల తర్వాత చెల్లెలి పెళ్లికి వస్తే ఎయిర్‌పోర్ట్‌లోనే ఆపేశారు, అతని మీద లుకౌట్ సర్క్యులర్ ఉంది, అంటే ఎయిర్‌పోర్టుల్లో కనిపిస్తే ఆపమన్న హెచ్చరిక. పెళ్లి రోజు అతను సబ్ జైల్లో ఉన్నాడు. కేసు చూస్తే మామూలు గాయం కేసు, జరిమానాతో పోయేది.

ఇక్కడ ఇంకో గందరగోళం. నాన్-బెయిలబుల్ నేరం వేరు, నాన్-బెయిలబుల్ వారంట్ వేరు. బెయిలబుల్ కేసులో కూడా వాయిదాకు రాకపోతే ఎన్‌బీడబ్ల్యూ రావచ్చు. రాలేని రోజున లాయర్ ద్వారా ఆబ్సెంట్ పిటిషన్ వేయించాలి, పాత అలవాటుగా 317 పిటిషన్ అంటారు. వారంట్ వచ్చేసి ఉంటే దాక్కోకుండా లాయర్‌తో కోర్టుకు వెళ్లి, వారంట్ వెనక్కి తీసుకోమని అడిగే రీకాల్ పిటిషన్ వేసుకోవాలి. ఈ-కోర్ట్స్ యాప్‌లో పేరు కొట్టినా కేసు నంబరు కొట్టినా తదుపరి వాయిదా తెలుస్తుంది. ఫోన్‌లో పెట్టుకోండి.

రాజీ అయిపోయింది, కేసు కొట్టేశారు

మీ పెద్దమనుషులు రాజీకి పిలుస్తున్నారని రాశారు. మంచిదే, వెళ్లండి. అన్నదమ్ముల మధ్య గట్టు కోసం పదేళ్లు కోర్టుకు తిరిగితే ఇద్దరికీ మిగిలేదేమీ ఉండదు. కానీ తెల్లకాగితం మీద సంతకాలు పెట్టుకున్నంత మాత్రాన ఎఫ్ఐఆర్ పోదు. క్రిమినల్ కేసు ప్రభుత్వం నడిపేది. "నేను వాపసు తీసుకుంటున్నా" అని బాబాయి స్టేషన్‌లో చెప్పినా అది ముగియదు. చట్టంలో రాజీ చేసుకోదగిన నేరాల పట్టిక ఉంది, వాటిని కాంపౌండబుల్ అంటారు. అందులో ఉన్న నేరాలకు కోర్టులోనో లోక్ అదాలత్‌లోనో రాజీ నమోదు చేసుకుంటే కేసు ముగుస్తుంది. 115(2), 351(2) ఆ పట్టికలో ఉన్నాయి. 118(1) లేదు. కాబట్టి ఆ సెక్షన్ చార్జిషీట్‌లో కూడా నిలిస్తే, రాజీ పత్రంతో హైకోర్టుకు వెళ్లి క్వాష్ అడగాల్సి వస్తుంది. ఇలాంటి వ్యక్తిగత తగాదాల్లో రాజీ మీద హైకోర్టు కొట్టేయవచ్చని 2012లో గ్యాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

"మనం కూడా కౌంటర్ కేసు పెడదాం" అని అన్నయ్య అంటున్నారట. అన్నయ్యకు నిజంగా దెబ్బ తగిలి, ఆసుపత్రిలో చూపించి ఉంటే పెట్టండి, అది హక్కు. రెండు కేసులనూ ఒకే జడ్జి వింటారు. దెబ్బ లేకుండా కట్టు కట్టించుకుని పెట్టే కేసు మాత్రం వద్దు. అది ఊండ్ సర్టిఫికేట్ దగ్గరే బయటపడుతుంది, రాజీ దారి కూడా మూసుకుపోతుంది.

"కొట్టేశారు" అన్నది మనం ఎన్నిటికో వాడతాం. విచారణ దాకా వెళ్లకుండా హైకోర్టు రద్దు చేస్తే క్వాష్. అభియోగం మోపేంత ఆధారం లేదని కింది కోర్టే వదిలేస్తే డిస్చార్జ్. సాక్ష్యం అంతా విని నేరం రుజువు కాలేదంటే అక్విటల్. సాక్షులు ఎదురు తిరగడం వల్లో అనుమానం మిగలడం వల్లో వదిలితే బెనిఫిట్ ఆఫ్ డౌట్ అని తీర్పులో రాస్తారు. ఇంట్లోవాళ్లకు అన్నీ ఒకటే. మీకు ఒకటి కాదు, ఎందుకంటే మీరు పోలీసు ఉద్యోగానికి చదువుతున్నారు.

ఉద్యోగం

కేసు ఉన్నంత మాత్రాన పరీక్ష రాయడానికి అడ్డు లేదు. ఎంపికయ్యాక అటెస్టేషన్ ఫారంలో "మీ మీద ఎప్పుడైనా కేసు నమోదైందా" అని అడుగుతారు. అక్కడ "లేదు" అని రాయకండి. కేసు కన్నా ఆ అబద్ధమే ఎక్కువ మంది ఉద్యోగాలు తీసింది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం వివరంగా చెప్పింది: అభ్యర్థి నిజం రాయాలి, అప్పుడు కేసు స్వభావాన్ని, ఉద్యోగాన్ని బట్టి నియామక అధికారి నిర్ణయం తీసుకుంటారు. ఒక కుర్రాడికి లోక్ అదాలత్‌లో రాజీతో కేసు ముగిసింది. ముగిసింది కదా అని ఫారంలో రాయలేదు. పోలీసు విచారణలో బయటపడి నియామకం ఆగిపోయింది. తిరిగి తెచ్చుకోలేకపోయాం.

పోలీసు ఉద్యోగాల్లో బెనిఫిట్ ఆఫ్ డౌట్‌తో వచ్చిన విడుదలను కూడా నిశితంగా చూస్తారు. అందుకే మీ విషయంలో నా సలహా వేరు. నాన్నగారికి రాజీ మంచిది. మీకు మాత్రం దర్యాప్తు దశలోనే, అక్కడ లేనని ఆధారాలు చూపించి చార్జిషీట్ నుంచి పేరు తీయించుకోవడం అన్నిటికన్నా మంచిది. దానికి ఉన్న సమయం ఇప్పుడే.

రేపు చేయాల్సినవి. పోలీస్ శాఖ వెబ్‌సైట్ నుంచి ఎఫ్ఐఆర్ దించుకుని జిరాక్స్‌లు తీసుకోండి. నాన్నగారిని ఉదయం పూటే తీసుకెళ్లండి, ఆయన బీపీ మాత్రలు మర్చిపోవద్దు. ముగ్గురి ఆధార్ కాపీలు, ఇద్దరు జామీనుదారులను సిద్ధం చేసుకోండి. లాయర్‌కు డబ్బు ఇబ్బందిగా ఉంటే కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. ఎవరైనా ఫోన్ చేసి "ఎస్సై గారి తరఫున, ఇంత పంపితే పేరు తీసేస్తాం" అంటే పైసా పంపకండి.

బాబాయి స్కాన్ రిపోర్ట్ వచ్చాక ఊండ్ సర్టిఫికేట్‌లో సింపుల్ అని రాశారో గ్రీవియస్ అని రాశారో తెలుసుకుని ఇక్కడే రాయండి. గ్రీవియస్ అయితే నేను పైన ముందస్తు బెయిల్ గురించి చెప్పింది మారుతుంది, అప్పుడు ఏం చేయాలో విడిగా చెబుతాను.